పలచబడని తొట్టి

గుడియాత్తం నేతవీధిలో రాజాంబాళ్ ముప్పై ఏళ్ళకు పైగా గుంతమగ్గంలో కాళ్ళు పెట్టుకొని లుంగీలు నేసింది. నేతను చేతిపని అంటారు గాని అందులో కాళ్ళ పాలు సగం. ఆ సంగతి చూసేవారికి తెలియదు. నేసేవారికి కూడా మోకాలు చెప్పేదాకా గుర్తుకు రాదు. ఆమె కుడి మోకాలు చెప్పవలసిన మాటను ఒక వేసవిలో చెప్పివేసింది. ఆపైన మగ్గం తొక్కడం ఆమె వల్ల కాలేదు. మగ్గాన్ని విప్పి, కొయ్యలను అటక ఎక్కించి, గుంతను పూడ్చి సిమెంటు పూసిన నాడు, ఆమె భర్త దేవేంద్రన్ ఓదార్పు అనుకొనే ఒక మాట అన్నాడు.

"మా షెడ్డులో కండెలు చుట్టే పని ఉండాది. కూర్చోని చేసేదే. నాతో రా."

దేవేంద్రన్ పవర్లూమ్ షెడ్డులో పనిచేస్తాడు. అక్కడి హోరుకు అతని వినికిడి సగం పోయింది. రాజాంబాళ్ ఒక్క దినం వెళ్ళి చూసింది. పక్క మనిషి పిలుపు ఆమెకు పెదవుల కదలికగా మాత్రమే తెలిసింది. చేతిమగ్గం చప్పుడు మాటకు తోడుగా తాళం వేస్తుంది. ఈ చప్పుడు మాటను మింగివేస్తుంది. సాయంత్రం ఇంటికి వచ్చి, "ఇంగ నేను రాను" అంది.

"ఎందుకు రావు? సుమ్మా కూర్చొని ఏం చేస్తావు?"

"ఇంట్లో ఒక చెవిటి మనిషి చాలడా? ఇద్దరమూ అట్లయితే తలుపు తట్టినోళ్ళకు ఎవురు తీస్తారు?"

దేవేంద్రన్ నవ్వాడు గాని, ఆ పనిని మరొకరికి ఇవ్వవద్దని మేస్త్రీకి చెప్పి ఉంచాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తనకంటూ ఇంకో పని దొరకనంత కాలం ఆ కండెల ముక్కాలిపీట తనకోసం ఖాళీగా ఎదురుచూస్తూనే ఉంటుందని కూడా తెలుసు.

లక్ష్మీకాంతమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. గుడియాత్తం నుంచి పళ్ళికొండ పోయే దారిలో ఆమెకు చేనూ కొబ్బరితోపూ ఉన్నాయి. చేని కూలీలకు ఏటేటా ఇచ్చే తువ్వాళ్ళను రాజాంబాళ్ చేతనే నేయించుకొనేది. పూడ్చిన గుంతను చూసి, పరామర్శకు బదులు, "బాగుండాది. ఇంగ దీని మీద కాళ్ళు చాపుకోవచ్చు" అని, ఆ సిమెంటు మీదనే చాప వేయించుకొని కూర్చుంది.

ఈసారి ఆమెకు కావలసినవి తువ్వాళ్ళు కావు, వత్తులు. ఆమె కొడుకు జయకుమార్ చేని అంచున ప్లాస్టిక్ పైకప్పుతో ఒక పాలీహౌస్ కట్టించాడు. బోరు నీళ్ళు సన్నగిల్లగానే అతని ఉత్సాహమూ సన్నగిల్లింది. ఇప్పుడు అరక్కోణంలో కాంట్రాక్టు పనులు చూసుకుంటున్నాడు. అతని కూతురు మేఘన వేలూరు పక్కన తొరపాడిలో గది తీసుకొని తోటల పెంపకం చదువుతోంది. కొద్దిపాటి నీటితో టమాటాలు పండించే పద్ధతిని ఆ పిల్ల పట్టుకొచ్చింది. కొబ్బరిపొట్టు నింపిన బకెట్టులో మొక్క ఉంటుంది. బకెట్టు అడుగున బెజ్జం, ఆ బెజ్జంలోంచి కిందనున్న నీళ్ళ తొట్టిలోకి వేలాడే నూలు వత్తి. ప్రమిదలో వత్తి నూనెను పీల్చినట్టు ఈ వత్తి నీటిని పైకి పీల్చి వేళ్ళకు అందిస్తుంది. మోటారుతోనూ కాలువతోనూ పని లేదు.

"నూలు పీల్చాలంటే ముందు గంజి వదలాల" అంది రాజాంబాళ్. "మగ్గం నూలును అట్లే పురిపెట్టి దూర్చితే చుక్క కూడా ఎక్కదు. పురి గట్టిగా ఉన్నా ఎక్కదు."

"అందుకే కదా నీ దగ్గరికి వచ్చింది. అంగడి ఒత్తులు తెచ్చి పెట్టింది మా మేఘన. అవి గోడకు కొట్టిన మేకు మాదిరిగా ఉండాయి, పీల్చవు, వంగవు."

రాజాంబాళ్ మిగులు నూలును చాకలిసోడాలో ఉడకబెట్టి, జాడించి, ఎండబెట్టి, వదులుగా పురిపెట్టి వత్తులు చేసింది. అవి ఎట్లా పనిచేస్తాయో చూడాలని తానే పాలీహౌసుకు వెళ్ళి, ఒక్కొక్క బకెట్టుకూ తన చేత్తోనే అమర్చింది. పొద్దు వాలేటప్పటికి పొడి కొబ్బరిపొట్టు అడుగునుంచి నల్లబడుతూ రావడం చూసి, చాలా కాలం తరువాత ఆమెకు ఒక పని చేసినట్టు అనిపించింది. మొక్కలు నాటే నాటికి ఆమె అక్కడి మనిషే అయింది.

"ఈ కాపు నీ చేతిలో పెడతా ఉండా" అంది లక్ష్మీకాంతమ్మ. "కాయ దిగితే ఈ కొట్టం నీది అనుకో, ఎన్నాళ్ళయినా చూసుకో. దిగకపోతే పైపులు పెరికి పందిళ్ళ గోవిందసామికి ఇచ్చేస్తా. పెళ్ళిపందిళ్ళకు కావాలని వాడు ఏడాదిగా నా గడప అరగదీస్తాండాడు."

ఎరువు సంగతి మేఘన నేర్పింది. నీటిలో కరిగే పొడిని డ్రమ్ములో కలిపి, చెంబుతో తొట్లలో పోసి చూపింది.

"వారానికి ఒకసారే ఈ ఎరువు నీళ్ళు, అవ్వా. నడుమ తొట్టి తగ్గితే మామూలు నీళ్ళే పోయాల."

"శరి, పాపా" అంది రాజాంబాళ్. ఆ పూటకు అది నిజమైన అంగీకారమే.

కాని ఆమె పుట్టిల్లు నూలుకు రంగువేసే ఇల్లు. తల్లి రంగుతొట్టి దగ్గర ఆమె మాటలు నేర్చింది. తొట్టిలో ముంచిన ప్రతి నూలు చిలపా కొంత రంగును తీసుకొని పోతుంది. తరువాతి చిలపకు ముందే ఆ లోటు పూడ్చాలి. లేకపోతే ఒకే లుంగీలో ఒక జాన ఎరుపుగానూ మరొక జాన వెలిసినట్టుగానూ వస్తుంది. చిన్నతనంలో ఒకనాడు తొట్టి తగ్గిందని రాజాంబాళ్ రెండు చెంబుల మంచినీళ్ళు పోసింది. తల్లి కొట్టలేదు, ఆ పూట నూలంతా ఎండలో ఆరవేసి, "చూడు" అని మాత్రం అంది. ఎరుపు వేయవలసిన నూలు పాలిపోయి వేలాడుతోంది. తొట్టి పలచబడకూడదు అన్నది ఆనాటినుంచి ఆమెకు విన్న మాటగా కాక చేతి అలవాటుగా మిగిలిపోయింది.

కనుక టమాటాల తొట్టి తగ్గినప్పుడల్లా ఆమె మంచినీళ్ళ బిందె వైపు వెళ్ళేది. చెంబు మాత్రం ఎరువు డ్రమ్ములో మునిగేది. మొక్క తిన్నది మళ్ళీ పెట్టకపోతే ఎట్లా? చదువుకొనే పిల్ల తొందరలో ఆ మాట మరిచి ఉంటుందిలే అనుకొంది.

మొక్కలు మోకాలెత్తు దాటి, తాళ్ళు పట్టుకొని పైకి పాకాయి. ఒక ఉదయం కొబ్బరిపొట్టు మీద సన్నని తెల్లటి పూత కనిపించింది. రాజాంబాళ్ సంతోషించింది. వీధిలో బారుగా చాపిన పడుగుకు గంజి రాసి ఆరనిచ్చినప్పుడు దారాల మీద అట్లాంటి తెలుపే తేలుతుంది. ఆ తెలుపు తేలితే గంజి పట్టినట్టు, దారం నిలిచినట్టు. ఇక్కడ వత్తి ఎరువును అడుగునుంచి అంచుదాకా చేర్చిందని ఆమె ఆ గుర్తును చదువుకొంది. చేరిన మాట నిజమే.

కొంత కాలానికి ఆకుల అంచులు పొయ్యి సెగ తగిలినట్టు మాడసాగాయి. మొదటి గుత్తిలో దిగిన కాయలు గోళీలంతేసి నిలిచిపోయాయి. వాటి అడుగులు నల్లగా గుంటపడ్డాయి. తొట్లలో చూస్తే నీళ్ళు నిండుగా ఉన్నాయి.

లక్ష్మీకాంతమ్మ ఒక కాయను తెంపి, తిప్పి చూసి, "నీ ఒత్తులు దీపానికే లాయకు, రాజా" అంది. "చెట్టు దప్పికకు ఎండుతాండాది, నీళ్ళు కిందనే కూర్చోని ఉండాయి."

ఆ మాట రాజాంబాళుకు నాటుకొంది. ఒక బకెట్టును పక్కకు వంచి, వత్తిని బయటికి లాగి, లక్ష్మీకాంతమ్మ ఎదుటే పిండింది. నీళ్ళు ధారగా కారాయి.

"చూడు, అక్కా. ఒత్తిలో తప్పు లేదు."

"మరి తప్పు యాడ ఉండాది?"

వత్తి నిర్దోషి అని రుజువైన ఊరటలో రాజాంబాళ్ ఆ ప్రశ్నను అక్కడే వదిలివేసింది. మొక్కలు పెద్దవయ్యాయి, ఆకలి పెరిగింది అనుకొని ఎరువు పొడిని ఇంకొంచెం ఎక్కువగానే కలిపింది.

పరీక్షల నడుమ మేఘన ఫోను చేసింది. "మామూలు నీళ్ళే కదా, అవ్వా, నడుమ పోస్తాండేది?"

"తొట్టి ఎప్పుడూ నిండుగానే ఉండాది, పాపా" అంది రాజాంబాళ్. అడిగినదానికి అది జవాబు కాదని పెట్టేసిన ఫోనును చేతిలో పట్టుకొని ఉండగానే ఆమెకు తోచింది. మళ్ళీ ఫోను చేయలేదు.

మాడిన అంచులు పై ఆకులకు కూడా పాకిన తరువాత లక్ష్మీకాంతమ్మ గోవిందసామికి కబురు చేసింది. అతడు తన మనిషితో వచ్చి పైపుల పొడవులు చూసుకొన్నాడు. ఆ మనిషి కొలత కోసం కమ్మీల మీదికి ఎక్కి దిగేటప్పుడు పడమటి కొసన ప్లాస్టిక్ పట్ట చీరంత పొడవున చినిగింది. వానకాలం వెళ్ళగానే వ్యాను తెస్తానని చెప్పి గోవిందసామి వెళ్ళిపోయాడు.

"గాలికి చినిగినట్టుండాది" అంది లక్ష్మీకాంతమ్మ పైకి చూసి.

"గాలికి కాళ్ళుండాయా, అక్కా? కమ్మీ మీద చెప్పుజాడ కనిపిస్తా ఉండాది."

లక్ష్మీకాంతమ్మ వేరే వైపు చూసింది.

ఆ సాయంత్రమే ముసురు పట్టింది. చిరుగులోంచి వాన పడమటి వరుస బకెట్లలో నేరుగా పడింది. కొబ్బరిపొట్టు మునిగి, బకెట్ల బెజ్జాల్లోంచి నీళ్ళు కిందికి దిగి, తొట్లు పొర్లాయి. రాజాంబాళ్ రెండు పాత లుంగీలను కలిపి కట్టి చిరుగుకు అడ్డం వేయబోయింది. గాలి వాటిని కొబ్బరితోపు దాకా మోసుకుపోయింది. ఈ తడికి మోకాలు వాచి, మరునాటినుంచి ఆమె ఇల్లు కదలలేకపోయింది. ఉన్నవాటిలో ఒక వరుస ఎటూ పోయిందని మనసులో కొట్టివేసుకొంది.

దేవేంద్రన్ మంచం పక్కన కూర్చొని ఆమె మోకాలికి వేడి ఇసుక మూట కాపుతూ, "మేస్త్రీ మళ్ళీ అడిగినాడు" అన్నాడు.

"నీకు వినపడలేదని చెప్పు."

"అది వినపడింది కదా" అన్నాడతడు, పాపం, నిజాయితీగా.

వాన తెరిపి ఇచ్చి, మోకాలు వంగిన నాడు ఆమె బస్సెక్కి వెళ్ళింది. పాలీహౌస్ తలుపు తీసి, ముందుగా పడమటి వైపు చూడకూడదనుకొంటూనే చూసింది. కొట్టివేసుకొన్న ఆ వరుసలో ప్రతి మొక్క తలలోనూ మాడని లేత చిగురు ఉంది. ఒకటి రెండింటిలో పసుపు పూలు కూడా ఉన్నాయి. ఎండలోనూ నీడలోనూ తాను అంతగా చూసుకొన్న తక్కిన వరుసలు మాత్రం ఇంకా ముడుచుకొని ఉన్నాయి. ఆమెకు మొదట కలిగినది సంతోషం కాదు, చిన్నబుచ్చుకొన్నట్టు అయింది.

చాలాసేపు పడమటి వరుసకూ దాని పక్క వరుసకూ నడుమనే నిలబడింది. ఎండ రెండింటికీ ఒకటే. వత్తులు ఒకే చేత్తో చేసినవి. తేడా కంటి ఎదుటే ఉంది. పడమటి బకెట్లలో కొబ్బరిపొట్టు గోధుమరంగులో శుభ్రంగా ఉంది. తూర్పువాటిలో తెల్లటి పూత ఇప్పుడు పెచ్చుగా పేరుకొంది.

పాలీహౌస్ పక్కన మట్టి తవ్విన గుంట వానకు నిండి ఉంది. రాజాంబాళ్ ఒక బిందె ముంచి తెచ్చి, మాడుతున్న ఒక మొక్క మొదట్లో పైనుంచి మెల్లగా పోసింది. అడుగునుంచి టీ రంగు నీళ్ళు కారాయి. ఏమి ఆలోచించి చేసిందో చెప్పలేం గాని, వేలు తడిపి నాలుక కొసకు తాకించింది. ఉప్పు, చేదు. ఉమ్మివేసింది.

ఆ రుచి ఆమెకు కొత్తది కాదు. రంగు పట్టడానికి తల్లి తొట్టిలో ఉప్పు వేసేది. రంగు పట్టిన తరువాత చిలపను నీళ్ళు మార్చి మార్చి జాడించేది. చివరి నీటిని నాలుకకు తాకించుకొని, ఉప్పు తగలకపోతేనే ఆరవేసేది. తగిలితే మళ్ళీ జాడింపే. అట్లా చేయకపోతే ఆరిన నూలు మీద తెలుపు తేలి, దారం పెళుసై తెగిపోతుంది. తల్లి పనిలో పట్టించడం ఎంతో వదిలించడమూ అంతే ఉండేది. రాజాంబాళ్ ఇన్నేళ్ళూ మొదటి సగాన్నే తల్లి చెప్పిన మొత్తమని మోసుకొని తిరిగింది.

వత్తి నీళ్ళను పైకి తెస్తుంది. ఆకులోంచీ పొట్టు మీదినుంచీ నీళ్ళు గాలిలోకి పోతాయి. వాటితో వచ్చిన ఉప్పుకు పోవడానికి దారి లేదు. పైనుంచి ఎవరూ పోయనందువల్ల దిగనూ లేదు. తానేమో కిందినుంచి ఇంకా పంపుతూనే ఉంది. మొక్క తాగలేనంత చిక్కని నీటిలో నిలబడి దప్పికతో ఎండింది. లక్ష్మీకాంతమ్మ దప్పిక అన్నది సరిగానే ఉంది.

కడగడానికి చాలా నీళ్ళు కావాలి. బోరులో అన్ని లేవు. గుంటలోని నీళ్ళు లక్ష్మీకాంతమ్మ ఆవులకని ఉంచుకొన్నవి. రాజాంబాళ్ కొబ్బరితోపు దాటి ఆమె ఇంటి వసారాలోకి వెళ్ళి, నిలబడే చెప్పింది.

"అక్కా, తప్పు ఒత్తిలో లేదు. నా చేతిలో ఉండాది. పాప మంచినీళ్ళు పోయమనింది, నేను పోయలేదు. ప్రతిసారీ ఎరువు నీళ్ళే పోసినా. అదంతా పైన ఉప్పు మాదిరిగా పేరుకుండాది."

లక్ష్మీకాంతమ్మ చాటలో కంది బేళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆపకుండానే, "అంటే ఇన్ని దినాలూ నా టమాటాలను చెట్టు మీదనే ఊరగాయ పెడతాండావా?" అంది.

"ఆమా."

"కాయ కాకముందే."

"ఆమా, అక్కా."

లక్ష్మీకాంతమ్మకు నవ్వు రాబోయి ఆగింది. "గోవిందసామికి మాట ఇచ్చినానే. వాన నిలిచింది. వాడు ఈ వారంలో వచ్చేస్తాడు."

"వస్తే రానీ. వచ్చేలోపల కడుగుతా. గుంటలో నీళ్ళు ఇయ్యి."

"ఆవులకు?"

అడగవలసినది అడిగేసిన రాజాంబాళ్ వసారాలోంచి కదలలేదు. లక్ష్మీకాంతమ్మ చాటను దించి, ఒడిలోని పొట్టు దులుపుకొని లేచింది.

"వాటిని ఏటి కాలువకు తోలిస్తాలే. పద."

మరునాడు షెడ్డుకు సెలవు కావడంతో దేవేంద్రన్ కూడా వచ్చాడు. అతడు గుంటలోంచి బిందెలు మోసి ఇస్తే, రాజాంబాళ్ ముందుగా తొట్లను ఒంపి, తరువాత ఒక్కొక్క బకెట్టు మీదా నీళ్ళు నింపాదిగా పోసింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చున్న లక్ష్మీకాంతమ్మ, కారిన నీళ్ళు రుచి చూసే పనిని ఎవరూ ఇవ్వకుండానే పుచ్చుకొంది.

"థూ. ఇంత ఉప్పు మా ఇంటి పులుసులో కూడా పడదు. ఇంకా పొయ్యి."

మళ్ళీ పోసింది.

"ఇప్పుడు శరిగా ఉండాది."

రాజాంబాళ్ తానూ తాకించి చూసి తల అడ్డంగా ఆడించింది. "ఇంకా ఉండాది, అక్కా."

"నా నాలుక మీద నీకు నమ్మకం లేదా?"

"పులుసు వరకు ఉండాది."

"మీ ఆయన్ను చూడమను. ఏమప్పా, నువ్వు చెప్పు."

దేవేంద్రన్ వేలు తడిపి, ఇద్దరి ముఖాలనూ చూసి, "నాకు చెవులు కదా పోయింది, నాలుక ఎందుకు చెడగొట్టుకోవాల?" అని బిందె ఎత్తుకొని గుంట వైపు నడిచాడు.

ఆ సాయంత్రం రాజాంబాళ్ తానుగా మేఘనకు ఫోను చేసింది. "పాపా, నువ్వు చెప్పినట్లు చేయలేదు. ఆ పొద్దు నువ్వు అడిగినప్పుడు నేరుగా చెప్పనూ లేదు" అని జరిగినది జరిగినట్టు చెప్పింది.

"అప్పుడప్పుడు పైనుంచి కడగాలని నేనూ చెప్పలేదు, అవ్వా. నీళ్ళు ఆదా చేసేదే చూసినా, ఇది తట్టలేదు" అంది మేఘన. "ఇంగ ఎరువు సగానికి సగం పలచగా కలపండి. ఎంత పలచగానంటే, మీకు మనసు ఒప్పనంత."

కడిగిన వరుసలన్నీ ఒకే తీరున కోలుకోలేదు. తూర్పు కొసన ఉన్నవాటికి వేళ్ళే మాడాయి. వాటిని పెరికివేయవలసి వచ్చింది. నడుమ వరుసలు మాత్రం మెల్లమెల్లగా తల ఎత్తాయి.

గోవిందసామి చెప్పినదానికన్న కొన్ని దినాలు ఆలస్యంగా, ఖాళీ వ్యానుతో వచ్చాడు. తలుపు దగ్గర లక్ష్మీకాంతమ్మ నిలబడి ఉంది. ఆమె రాజాంబాళ్ వైపు తిరిగి, "చెప్పు. ఏమనమంటావు?" అంది.

కాయ దిగుతుందని రాజాంబాళ్ మాట ఇవ్వలేదు. దగ్గరలోని మొక్క కొమ్మను చేత్తో ఎత్తి పట్టుకొంది. కింద మాడిన ఆకులు అట్లాగే ఉన్నాయి. పైన చిగురు, చిగురు కింద పూలగుత్తి, ఆ గుత్తిలో ఒక పువ్వు రాలిన చోట మిరియపు గింజంత పచ్చటి పిందె.

"కింది ఆకు నేను చేసింది. అది మారదు" అంది. "పైది ఇప్పుడు వచ్చింది. ఇది ఎట్లా పోతుందో చూడాలనుండాది."

లక్ష్మీకాంతమ్మ ఆ పిందెను చూసింది. అడుగు నల్లబడిందా అని వంగి, కిందినుంచి కూడా చూసింది. తరువాత గోవిందసామి వైపు తిరిగింది.

"పైపులు ఇయ్యను, నాయనా. వచ్చినోడివి వచ్చినావు, నీ మనిషి తొక్కి చించినాడే, ఆ చోట నీ పందిరి పట్ట ఒకటి వేసి కట్టిపో."

"మాట ఇచ్చి మారుస్తారా, అమ్మా?"

"మార్చినా. పట్ట కట్టేసి ఊరంతా చెప్పుకో."

గోవిందసామి గొణుక్కుంటూనే వ్యానులోంచి నీలిరంగు పట్ట ఒకటి దింపించాడు. అతని మనిషి ఈసారి చెప్పులు విడిచి పైకి ఎక్కాడు. నాలుగు మూలలా బిగించి కట్టబోతుండగా, కింద నిలబడి చూస్తున్న రాజాంబాళ్ పిలిచింది.

"ఒక పక్క బిగించొద్దు, నాయనా. తాడు లాగితే చుట్టుకొని పైకి లేచేటట్టు కట్టు. మళ్ళీ వాన వస్తే ఆ నీళ్ళు నాకు కావాల."

వ్యాను వెళ్ళిపోయిన తరువాత ఆమె తొట్లు చూసుకొంది. పడమటి వరుసలో ఒకటి సగానికి తగ్గింది. చెంబు పట్టుకొన్న చెయ్యి అలవాటుగా ఎరువు డ్రమ్ము మీదికి పోయి, మూత అంచున ఆగింది. అట్లా కొంచెం సేపు ఆగనిచ్చి, ఆమె బిందె దగ్గరికి వెళ్ళి మంచినీళ్ళు ముంచుకొని వచ్చింది. మనసు ఒప్పలేదు. తొట్టి నిండేదాకా పోసింది.